పదకొండో బద్ద

విమానాన్ని గుడ్డతో చేస్తారని
నాకు నలభై ఏడో ఏట తెలిసింది.

అప్పటిదాకా యారంబిల్‌లో నా పని
మాత్రలు లెక్కపెట్టడం,
ఐదేసి చొప్పున, నీలం పళ్ళెంలో, చిన్న గరిటెతో.
రక్తపోటు మందుకొచ్చిన మెరెడిత్ పాస్కో
మందు చూడకుండా నా చేతులు చూసింది.
"ఆ వేళ్ళు నాకు బుధవారాలు కావాలి" అంది.

రేకుల షెడ్డులో పాత టైగర్ మాత్
తినేసిన చేపలా పడుంది.
ముళ్ళన్నీ కర్రవి, సన్నగా, తేనెరంగులో.
వాటి మీద గుడ్డ తొడిగి
రెక్కకి అటు ఆమె, ఇటు నేను,
మధ్యలో జానెడు సూది.
నేను గుచ్చితే ఆమెకందేది
ఆమె గుచ్చితే నాకు తిరిగొచ్చేది.
రెండున్నర అంగుళాలకో ముడి.
చలికాలమంతా మాట్లాడుకున్నాం
ఒకరి మొహం ఒకరికి కనపడకుండా.

మొగుడు పోయాక గోధుమచేను అమ్మేశానని
గుడ్డ అవతలి నుంచి చెప్పింది.
నేనేం చెప్పానో ఇక్కడ రాయను.

పైన పూసే డోపు
అరటిపండు సెంటు వాసన.
ఆరేకొద్దీ గుడ్డ బిగిసి
వేలితో కొడితే కంజిరలా పలికింది.

చెయ్యి పట్టేంత కన్నం ఒకటి మూసేముందు
లోపలి కర్రమీద అందరూ ఏదో ఒకటి రాయాలట.
కీత్ తన కుక్క పేరు రాశాడు.
నేను పెన్సిలుతో, తెలుగులో:
"ఎడమ రెక్క, పదకొండో బద్ద.
దారం రెండుసార్లు తెగింది. మళ్ళీ కుట్టాను."
ఏమిటని అడిగారు.
ఆశీర్వాదం అన్నాను.

ఏప్రిల్ ఆదివారం.
కోతలయ్యాక మిగిలిన మోళ్ళ మీద గులాబీ చిలకల గుంపు,
ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ పెనం మీద ఉల్లిపాయలు.
యాక్‌లు రెండు ఎదురెదురుగా దూసుకొచ్చి
చివరి క్షణంలో పక్కకి ఒరిగితే
జనం గుండెలు చేత్తో పట్టుకున్నారు.
ఆ మోతకి ఎవరిదో పసిపాప
నిద్ర లేవనైనా లేవలేదు.

"మెరెడిత్‌కి డెబ్భై మూడు, విమానానికి ఎనభై ఐదు,
మోకాళ్ళు మాత్రం విమానానివే నయం"
మైకులో బార్నీ.
కీత్ పంకా పట్టి లాగాడు. మూడోసారికి అంటుకుంది.
లేచింది గాని, వేగమా అది?
పక్క రోడ్డుమీద గొర్రెల లారీ
దాన్ని దాటుకుని పోయింది.

పైకెళ్ళి, పొగతో
ఆకాశం మీద సున్నా చుట్టింది.
ఏ అక్షరం పక్కన పెట్టిందో తెలీదు.
గాలి సగం తుడిచేసి
అరసున్నా మిగిల్చింది.

తరవాత తిరగబడింది.
తలకిందులైతే ఆ ఇంజనుకి నూనె అందదు.
దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఊరుకుంది.

అది ఆటలో భాగమే.
చేతిలో కాగితం మీద అచ్చేసే ఉంది.
అయినా పెనం మీద చిటపట వినిపించేంత నిశ్శబ్దం,
రెక్కల మధ్య తీగలు గాలిని కోస్తున్న ఈల.
అందరూ విమానాన్ని చూస్తున్నారు
నేను పదకొండో బద్ద దగ్గరున్నాను.
చీకట్లో నా అక్షరాలు
ఒత్తులు పైకి, తలకట్లు కిందికి.
రెండుసార్లు తెగింది, రెండుసార్లు తెగింది,
మళ్ళీ కుట్టాను కదా.

ముక్కు నేలకి వాలింది.
పంకా తనంతట తను తిరిగి
మళ్ళీ అందుకుంది.
చప్పట్లు కొట్టడానికి చూసుకుంటే
నా చేతిలో రొట్టె ముద్దయిపోయుంది.

దిగేటప్పుడు రెండు గెంతులు గెంతింది.
మెరెడిత్ తోలుటోపీ తీసి, చెమట జుట్టుతో
నేరుగా నా దగ్గరికొచ్చింది.
"ఇప్పుడు చెప్పు. ఏం రాశావు?"

చెప్పాను, ఉన్నదున్నట్టు.

నా ముద్ద రొట్టె లాక్కుని కొరికి
చాలాసేపు నమిలింది.
"పదకొండోది నాకు తెలుసు
అవతల దారం వదులైంది నా చేతుల్లోనే కదా.
తొమ్మిదోది నాది.
నేనెక్కడా రాయలేదు."

మాత్రలు అయిపోవచ్చాయని,
సోమవారం షాపుకొస్తానని అంది.